చీటీ కింద చీటీ

గోటితో అలా గీకకండి అన్నయ్యగారూ! మీ ఫైలు మీద ఆ చీటీ అతికించడానికి, అందరి చేతా ఫారాలు నింపించే మా ఫారాలాయన పొద్దున్నే నాలుక బయటపెట్టి మరీ కష్టపడ్డాడు. ఊడిందంటే మళ్ళీ ఆయన మొహం చూడాల్సింది నేను. ఇస్త్రీ లేని చొక్కాని చూసినట్టుంటుంది.

అవునవును, కింద ఇంకో చీటీ ఉంది. కళ్ళజోడు లేకుండానే కనిపెట్టారే! దాని మీదా నంబరు నలభై మూడే. మీకంటే ముందు ఇంకొకరు నలభై మూడు. వాళ్ళేమయ్యారనేగా మీ అనుమానం?

చిన్న కథ. మీ దగ్గర తీయాల్సింది ఆరు ట్యూబులు. ఆరోది నిండేలోపు కథ అయిపోతుంది. మీరు లేచి వెళ్ళి బయట వదినగారి పక్కన కూర్చోవచ్చు.

ఆరా అని అలా గుడ్లు తేలేస్తారేంటి? సంతకం పెట్టేముందు చదవలేదా? సర్లెండి, ఎవరూ చదవరు. పద్నాలుగు పేజీలు. రాసినవాళ్ళు కూడా రెండోసారి చదివి ఉండరు.

చెయ్యి ఇటివ్వండి. రబ్బరు పట్టీ కొంచెం బిగుతుగా ఉంటుంది. అబ్బో, మీ నరాలు కొత్త చుట్టాన్ని చూసిన పసిపిల్లల్లా దాక్కున్నాయే! కీమో పడ్డ చేతులన్నీ ఇంతే. పట్టీ తీసేస్తున్నా, ఈ వేడినీళ్ళ సంచి మోచేతి కింద పెట్టుకోండి. నరం పైకి వచ్చేదాకా కాసేపు ఆగుదాం.

కథకి ముందు మనుషులు తెలియాలి కదా. నా సంగతి చెప్పేస్తే ఒక పని అయిపోతుంది. ఈ ఆసుపత్రిలో ఇరవై రెండేళ్ళుగా రక్తం తీస్తున్నాను. గదిలో నాలుగు కుర్చీలు, నాది మూడోది. అందుకని నా పేరు మూడో కుర్చీ. నవ్వండి, ఫర్లేదు, మొదట్లో నేనూ నవ్వాను. ఎవరు పెట్టారంటారా? పైన ఉంటుందే డాక్టరమ్మ, ఆవిడ.

ఆవిడని మీరు చూడలేదు. చూడరు కూడా. రెండో అంతస్తులో అద్దాల గది. ఆవిడ మిమ్మల్ని చూడదు, మీ ట్యూబుల్ని చూస్తుంది. ట్యూబు మీద పేరుండదు, నంబరే. పేరు తెలిస్తే మనసు అటో ఇటో ఊగుతుందట, లెక్క చెడుతుందట. ఊగే మనసు ఒకటి ఆవిడకి ఉందని ఆ మాట వల్లే నాకు తెలిసింది.

పేషెంట్లు ఆవిడకి జలగమ్మ అని పేరు పెట్టారు. నేను పెట్టలేదు, నా మీద ఒట్టు. నలుగురికీ చేరవేశానంతే.

ఇక ఆవిడ పరిశోధన. కీమో ఎక్కిన ప్రతిసారీ ఒంట్లో రక్తం దిగుతుంది, మీకు నేను చెప్పాలా, మీ అరచేతులు చూసుకోండి, సున్నం కొట్టినట్టున్నాయి. పరీక్షలో రక్తం ఎనిమిది ఉన్నంతవరకూ ఫర్లేదు. ఎనిమిదికి తగ్గిందా, కీమో డాక్టరు గోడకేసి చూస్తూ “వచ్చే వారం చూద్దాం” అంటాడు. ఆ వారం లోపలి గడ్డకేమైనా సెలవా? అది దాని పని అది చేసుకుపోతూనే ఉంటుంది.

అందుకని డాక్టరమ్మ ఒక సూదిమందు పట్టుకుంది. ఎముకల లోపలికెళ్ళి రక్తం తయారు చేయమని పురమాయించే మందు. సగం మందికి ఆ మందు, సగం మందికి ఉప్పునీళ్ళు. ఎవరికి ఏదో ఎవరికీ తెలియదు, సీలు వేసిన కవర్లలో ఉంటుంది. మీకేది పడుతోందో నాకూ తెలియదు, అలా బతిమాలుతున్నట్టు చూడకండి.

ఎందుకింత పట్టుదల అంటే, ఆవిడ తండ్రి వంతెనలకి రంగులు వేసేవాడట. కడుపులో గడ్డ. కీమోకి వెళ్ళిన ప్రతిసారీ రక్తం తక్కువ. మూడుసార్లు వెనక్కి పంపారు. ఏడున్నర, ఏడు ముప్పావు, మళ్ళీ ఏడున్నర. నాలుగోసారి పంపాల్సిన అవసరం వాళ్ళకి రాలేదు. అప్పుడావిడ పదో తరగతి. రిపోర్టు కాగితాలు పట్టుకుని తండ్రి వెనకాల నడిచిన పిల్ల. ఎనిమిది అనే అంకె మీద ఆ పిల్లకి పగ పుట్టింది. ఇదంతా ఆవిడ నాతో చెప్పుకుందనుకునేరు! ఒక సభలో చెప్పింది. కుర్చీలు సర్దడానికి వెళ్ళి విన్నాను. కళ్ళు తుడుచుకున్నాను కూడా. ఊరికే, అందరూ తుడుచుకుంటుంటే నేనొక్కదాన్నీ ఎండిపోయి ఉంటే బావుండదని.

వచ్చింది చూడండి నరం! నీలంగా, బుద్ధిగా. పట్టీ మళ్ళీ కడుతున్నా. పిడికిలి బిగించండి. అటు చూడండి, ఆ కిటికీ వైపు. చీమ కుట్టినట్టే... అయిపోయింది. మీరు అరుస్తారనుకున్నాను. మీ ముందు ఒక పోలీసాయన కూర్చున్నాడు, వాళ్ళమ్మని పిలిచాడు.

చుక్క చుక్కగా పడుతోంది. ఇలాగే ఉంటే కథకి కావలసినంత టైము.

మొదటి ఏడాది సంగతి చెప్పాలి. వారానికి ఆరు ట్యూబులు ప్రతి మనిషి దగ్గరా తీస్తున్నాం. రక్తం ఎందుకు తగ్గుతోందో తెలుసుకోవాలి కదా, ఆరు రకాల పరీక్షలు. తీస్తుంటే, తీస్తుంటే, నా మొద్దు బుర్రకి ఒక అనుమానం వచ్చింది. ఏమీ లేదు, ఒక ట్యూబు అంటే ఒక చెంచాడు. వారానికి ఆరు చెంచాలు. పది వారాలకి?

నోటితో చెబితే ఎవరు వింటారని, మా కుర్చీ దగ్గరి ఖాళీ ట్యూబు ఒకటీ, నేను నీళ్ళు తాగే స్టీలు గ్లాసూ పట్టుకుని పైకి వెళ్ళాను. డాక్టరమ్మ బల్ల మీద గ్లాసు పెట్టి, ట్యూబుతో నీళ్ళు కొలిచి పోయడం మొదలెట్టాను. ఒకటి, రెండు, మూడు... అరవై. నలభై దాటేసరికే గ్లాసు నిండి బల్ల మీదికి పొంగింది. అక్కడున్న నలుగురు కుర్ర డాక్టర్లూ పని ఆపి చూస్తున్నారు.

“అమ్మా, రక్తం లేనివాళ్ళ దగ్గర మనం ఇంత తీసేస్తే, తగ్గక ఏం చేస్తుంది?” అన్నాను.

కుర్ర డాక్టర్లు నవ్వారు. ఆవిడ నవ్వలేదు. నవ్వినా బావుండేది. నీళ్ళు తగలకుండా కాగితాలు పక్కకి జరుపుకుని, “మూడో కుర్చీ, మీరు తీయండి. ఆలోచించడానికి మేమున్నాం. ఆ బల్ల తుడిచి వెళ్ళండి” అంది.

తుడిచాను.

ఆ రోజు నుంచీ తీస్తున్నాను, ఆలోచించడం మానేశాను. ఆరోగ్యానికి కూడా మంచిది, చూడండి నా మొహం ఎంత నిగనిగలాడుతోందో.

ఒకటి నిండింది. రెండోది పెడుతున్నా.

ఇప్పుడు అసలు మనిషి. డాక్టరమ్మ అత్తగారు. బడిలో కుట్లూ అల్లికలూ నేర్పే టీచరుగా రిటైరైన మనిషి. సన్నగా, పొడుగ్గా, నోరు మాత్రం ఆ ఒంటికి సరిపోనంత పెద్దది. ఎవరిని చూసినా ముందు వాళ్ళ బట్టల కుట్లు చూస్తుంది. నన్ను చూసిన మొదటి మాటేంటో తెలుసా? “చంక దగ్గర పోగులు లేస్తున్నాయి, నువ్వు రక్తం తీస్తావా, నా ప్రాణం తీస్తావా?”

ఆవిడకి రొమ్ములో గడ్డ. కీమో ఆరుసార్లు అన్నారు. మూడోది అయ్యేసరికి రక్తం పదికి వచ్చింది. ఒకసారి బయటి రక్తం ఎక్కించబోతే వణుకు వచ్చి మంచంతో సహా ఊగిందట, ఇంక ఆ దారి మూసేశారు. “మీ ఆరూ పడాలి టీచరుగారూ, ఆరోది ఎగ్గొడితే ముందు అయిదూ దండగ” అని కీమో డాక్టరు గోడకి చెప్పాడు. ఆవిడ విన్నది.

ఇంటికెళ్ళి కోడల్ని అడిగింది. “నీ సూదిమందు నాక్కూడా వెయ్యవే.”

“కుదరదు అత్తయ్యా. సొంతవాళ్ళని ఇందులో చేర్చకూడదు. ఆ నియమం రాసిందే నేను.”

“ఊళ్ళోవాళ్ళ అత్తలకి వేస్తావు, నీ అత్తకి వెయ్యవా?”

“అది పరీక్షలో ఉన్న మందు. పనిచేస్తుందో లేదో ఇంకా తెలియదు. మీరు బీట్‌రూట్ రసం తాగండి, ఐరన్ మాత్రలు ఇస్తాను.”

ఇదంతా ఆవిడే నా కుర్చీలో కూర్చుని, రెండు గొంతుల్లోనూ మాట్లాడి చూపించింది. కోడలి గొంతు అచ్చం దింపేసింది. కొడుకు ఏమన్నాడని అడిగాను. “వాడా? వాడు నోరు తెరిచేది ఆవులించడానికే” అంది.

మరి ఊరుకుంటుందా? ఫారాలాయన దగ్గరికి వెళ్ళి, పెళ్ళికి ముందున్న ఇంటిపేరుతో, కోడలి పేరు చెప్పకుండా, అన్ని కాగితాల మీదా సంతకాలు పెట్టేసింది. ఆయన ఫారంలో గళ్ళన్నీ నిండాయా లేదా చూస్తాడు, నింపినదేమిటో చూడడు. నంబరిచ్చాడు. నలభై మూడు.

నాకెలా తెలుసంటే, ఒకసారి ఆవిడ డాక్టరమ్మతో కలిసి కారు దిగడం చూశాను. అడిగాను. ఆవిడ చీర కొంగుకి గుచ్చుకున్న సూది తీసి నా ముందు ఆడించి, “నోటికి కుట్టు వేసుకో. విప్పావంటే నేనే వేస్తాను” అంది.

వేసుకున్నాను. ఇంత మంచి ముచ్చట నాకు ఇరవై రెండేళ్ళలో దొరకలేదు. పైన కోడలు ట్యూబులు చూస్తోంది, కింద అత్త ట్యూబులు నింపుతోంది, ఇద్దరూ సాయంత్రం ఒకే కారులో ఇంటికి వెళుతున్నారు. ఎవరితోనూ చెప్పకుండా దాచుకున్న ముచ్చట ఇదొక్కటే, చాలా కష్టపడ్డాను.

రెండోది కూడా నిండింది. పిడికిలి వదిలి మళ్ళీ బిగించండి. ఆ, అలా.

మొదటి మూడు వారాలూ నలభై మూడు దిగలేదు. అందరి రక్తం అంగుళం అంగుళం జారుతుంటే అది పది దగ్గరే నిలబడింది. పైన పండగ! డాక్టరమ్మ అద్దాల గదిలో అటూ ఇటూ తిరిగిందట. నలభై మూడుకి మందు పడుతోందన్నమాట, అది పనిచేస్తోందన్నమాట! ఇంట్లో తను పోసే బీట్‌రూట్ రసమూ, తను మింగించే ఐరన్ మాత్రలూ ఆ ట్యూబులో ఉన్నాయని ఆవిడకెలా తెలుస్తుంది? ట్యూబు మీద నంబరే కదా.

సంతోషం పట్టలేక ఆవిడ కిందికి ఒక చీటీ పంపింది. “నలభై మూడు: ఆరు కాదు, ఎనిమిది ట్యూబులు.” ఎందుకు దిగట్లేదో కనిపెట్టాలని.

ఎనిమిది తీశాను. దిగడం మొదలెట్టింది.

తొమ్మిదిన్నర. తొమ్మిది. పైన కంగారు. ఇప్పుడెందుకు దిగుతోందో కనిపెట్టాలి కదా? ఇంకో చీటీ. “నలభై మూడు: పది ట్యూబులు.” ఆ చీటీని నా కుర్చీ వెనక గోడకి అంటించాను. అదిగో, మీ తల వెనకాలే. తల తిప్పకండి, సూది కదులుతుంది.

అదిగో, మీరూ అదే అడుగుతున్నారు. చెప్పొచ్చు కదా అని.

రెండో చీటీ వచ్చిన రోజు లేచాను. మెట్ల దాకా వెళ్ళాను. మూడు మెట్లు ఎక్కాను కూడా. “అమ్మా, నలభై మూడు మీ అత్తగారు.” ఎంత మాట? ఒక్క ముక్క. దగ్గినంత సేపు పట్టదు. నాలుగో మెట్టు మీద కాలు పెడుతుంటే ఆ బల్ల గుర్తొచ్చింది. ఆ గుడ్డ గుర్తొచ్చింది. నీళ్ళు పిండుతుంటే ఆ కుర్రాళ్ళు ఇంకా నవ్వుతూనే ఉన్నారు.

తీయడం నా పని, ఆలోచించడం ఆవిడ పని. వెనక్కి దిగి వచ్చాను. ఆ పూట కడుపు నిండా తిన్నాను.

టీచరుగారి మీద నాకేం కోపం లేదు అన్నయ్యగారూ! ఆవిడంటే ఇష్టం. నా జాకెట్ చంక దగ్గర పోగులు కుట్టిపెట్టింది, ఈ కుర్చీలోనే కూర్చుని, ఒక చేత్తో. ఇంకో చేతిలో నా సూది ఉంది. ఆవిడ సూది నా బట్టలో, నా సూది ఆవిడ నరంలో. “నువ్వు తీసే కుట్టు కంటే నేను వేసే కుట్టు నయం” అని నవ్వింది. పెదాలు అప్పటికే కాగితంలా ఉన్నాయి.

అయిదో కీమో ఎనిమిదీ పాయింట్ ఒకటితో గట్టెక్కింది. తరవాత వారం రక్తం ఏడూ పాయింట్ నాలుగు. ఆరోది వచ్చే సోమవారం అనగా ఆపేశారు. “వచ్చే వారం చూద్దాం.” గోడకి.

ఆ రోజు టీచరుగారు ఎవరి బట్టలూ చూడలేదు.

మూడోది నిండింది, నాలుగోది పెట్టాను. చెయ్యి చల్లబడుతోందా? మామూలే.

ఇప్పుడు చూడండి. నలభై మూడు ఇలా కూలిపోతుంటే డాక్టరమ్మకి నా మీద అనుమానం వచ్చింది. నేను ట్యూబులు మారుస్తున్నానని! మూడేళ్ళలో మొదటిసారి ఆవిడ కిందికి దిగింది. తెల్లకోటు, జేబులో నాలుగు పెన్నులు, మెడ ముందుకు చాచి. గదిలోకి రాగానే నాతోనే, “మూడో కుర్చీ, నలభై మూడో నంబరు ట్యూబులు ఎలా తీస్తున్నారో చూపించండి” అంది.

అప్పుడు కుర్చీలో ఎవరున్నారో చూసింది.

“అత్తయ్యా? మీరిక్కడేంటి?”

“రక్తం ఇస్తున్నా.”

“ఎవరికి?”

“ఎవరికేంటి, నీకే.”

డాక్టరమ్మ నా వైపు చూసింది, ట్యూబుల వైపు చూసింది. “నలభై మూడు ఎవరు?” అంది. తెలిసే అడిగింది పాపం, ఇంకేం అడగాలో తోచక.

టీచరుగారు ఖాళీగా ఉన్న చెయ్యి పైకెత్తింది. “ప్రెజెంట్ మేడమ్” అంది.

నేను నవ్వాను. ఆపుకోలేకపోయాను.

డాక్టరమ్మ ట్రేలోంచి నిండిన ట్యూబులు రెండు తీసి పిడికిట్లో పట్టుకుంది. అవి ఇంకా వెచ్చగానే ఉంటాయి కదా, అప్పుడే తీసినవి. ఆవిడకి వచ్చేసరికి ఎప్పుడూ చల్లబడే ఉంటాయి, రక్తం వెచ్చగా ఉంటుందని మర్చిపోయి ఉంటుంది. చాలాసేపు అలాగే పట్టుకుంది. గోడ మీద తన చేతిరాత చూసింది. నలభై మూడు: పది. పెదాలు కదిలాయి, లెక్క వేస్తోందేమో అనుకున్నాను. ఇప్పుడు గ్లాసు అడుగుతుందనుకున్నాను. అడిగితే తెచ్చిద్దామని, నిజంగా, లేవబోయాను కూడా.

అడగలేదు. ట్యూబులు తిరిగి ట్రేలో పెట్టింది. కోటుకి చేతులు తుడుచుకుంది. “ఫారాలాయన్ని పిలవండి” అంది.

ఆయన పరుగెత్తుకొచ్చాడు.

“నలభై మూడు కొట్టెయ్యండి. సొంతవాళ్ళు లెక్కలోకి రారు. మొదటి రోజు నుంచీ తీసినవన్నీ పారెయ్యండి.”

“నన్ను కొట్టేస్తే సూదిమందు ఎవరిస్తారే?” అంది టీచరుగారు.

“ఎవరూ ఇవ్వరు.”

“నాకింకా ఒకటి మిగిలింది అమ్మాయ్. ఎనిమిది లేకపోతే వెయ్యరు. నీకు తెలియదా?”

తెలియకేం? తండ్రి వెనకాల కాగితాలు పట్టుకుని నడిచిన పిల్లకి తెలియదా? మొహం అలా పాలిపోయింది, ఆ కుర్చీలో కూర్చోవాల్సింది అత్తా కోడలా అన్నట్టు. కానీ నోరు మాత్రం నియమమే మాట్లాడింది. “మిమ్మల్ని ఉంచితే మిగతా నూటపాతిక మంది లెక్క చెడుతుంది అత్తయ్యా. వాళ్ళకీ ఎనిమిది కావాలి.”

“సరే” అంది టీచరుగారు. “సాయంత్రం కారులోనైనా ఎక్కనిస్తావా, అదీ సొంతవాళ్ళకి కుదరదా?”

చూశారా ఆ నోరు!

ఫ్రీజర్‌లో ఉన్న నలభై మూడో నంబరు ట్యూబులన్నీ ఒక సంచిలో వేసి చెత్తకి పంపారు. నేనే మోశాను. బరువుగా ఉంది. ఒక మనిషి పది వారాల రక్తం, ఒక అంకె వెయ్యడానికి కూడా పనికిరాకుండా పోయింది.

నాలుగోది... అయిదోది పెట్టేశా. గమనించారా, మాటల్లో నొప్పి తెలియదు.

ఇంక ఆసుపత్రి అంతా ఒకటే మాట. అత్తని చంపుకుంటున్న కోడలు. లిఫ్టు నడిపేవాడు ఆవిడ ఎక్కితే పైకప్పు చూసేవాడు. మొగుడు రెండు వారాలు మాట్లాడలేదట, అంతకుముందు మాట్లాడినట్టు. ఫారాలాయన అయితే సంతాప సభకి గది ఖాళీ ఉందో లేదో ముందే కనుక్కున్నాడు. నేను మాత్రం ఏం తక్కువ? టీచరుగారి సూదుల డబ్బా ఎవరికిస్తారో అనుకున్నాను.

మరి ఏమైందా? చెప్తా. పెద్దగా చెప్పడానికేం లేదు.

నంబరు కొట్టేశారు కదా, ఆరూ ఎనిమిదీ పదీ ఏవీ తీయనక్కర్లేదు. కీమో డాక్టరు కోసం వారానికి ఒకే ఒక్క ట్యూబు, చిన్నది. నేనే తీశాను. మొదటి వారం ఏడూ పాయింట్ తొమ్మిది. రెండో వారం ఎనిమిదిన్నర. మూడో వారం తొమ్మిది. ఆరో కీమో పడింది. గడ్డ ఫొటోలో కనిపించడం లేదు. నిన్న వచ్చింది, రక్తం పదకొండు. నా జాకెట్ భుజం కుట్టు వంకరగా ఉందని చెప్పి వెళ్ళింది.

అంతే కథ.

సూదిమందా? అది ఆపేశాక కదా ఎక్కింది. ఆవిడకి పడింది మందో, ఉప్పునీళ్ళో, ఆ కవరు ఎవరూ విప్పలేదు. కొట్టేసిన నంబరు కవరు ఎవరు విప్పుతారు?

ఎవరి మాట వాళ్ళది. టీచరుగారేమో బీట్‌రూట్ రసం మానేశాకే బాగుపడ్డానంటుంది. డాక్టరమ్మ తన ఐరన్ మాత్రలంటుంది. ఆ కుర్ర డాక్టర్లలో ఒకడు, మీసం ఇంకా సరిగ్గా రానివాడు, “మేడమ్, రక్తం తీయడం ఆపాక ఎక్కింది కదా” అని గొణిగాడట. “ఒక్క మనిషి సంగతి లెక్క కాదు. పైగా లెక్కలో లేని మనిషి” అందట ఆవిడ. తప్పేం కాదు. ఆవిడ ఎప్పుడూ తప్పు మాట్లాడదు.

పక్క నంబరు, నలభై నాలుగు, పియానోలు బాగుచేసే ఆయన. ఆయన ఎవరి సొంతవాడూ కాదు, కొట్టేయలేదు. ఆరేసి ట్యూబులు క్రమం తప్పకుండా ఇచ్చాడు. ఏడూ పాయింట్ ఆరు దగ్గర ఆగాడు. ఆయనకి “వచ్చే వారం” రెండుసార్లు చెప్పారు.

అయ్యో, చెయ్యి లాక్కోకండి! సూది లోపలుంది, చీరుకుంటుంది. నెమ్మది. నెమ్మది.

నేనా? ఇప్పుడు చెప్పొచ్చుగా అంటారా? ఎవరికి చెప్పను? గ్లాసుతో సహా చెప్పాను. తుడవమన్నారు, తుడిచాను. మళ్ళీ ఎవరైనా వచ్చి, మూడో కుర్చీ అని కాకుండా, నా పేరు పెట్టి అడిగితే చెప్తాను. మూడేళ్ళుగా చూస్తున్నాను. టీచరుగారు కూడా అడగలేదు నా పేరు. మీరూ అడగలేదులెండి, మిమ్మల్ని అనడం లేదు.

ఆరోది నిండింది. కథా అయిపోయింది, మాట మీద నిలబడ్డానా లేదా?

ఆగండి, అప్పుడే లేవకండి. మీ రక్తం ఎంత ఉంది? కాగితంలో తొమ్మిదీ పాయింట్ రెండు. బావుంది, ఇంకా చోటుంది.

వరుసలో ఒక నంబరు ఖాళీగా ఉంటే పైవాళ్ళు అడుగుతారని ఫారాలాయన ఆ నలభై మూడుని మీకు అంటించాడు. దాంతో చిన్న చిక్కొచ్చింది. ఆరు అని నేనే చెప్పాను, నిజమే, అందరికీ ఆరే. కానీ మీ తల వెనక గోడ మీద చీటీ ఉందని చెప్పానే, అది ఇంకా అక్కడే ఉంది. డాక్టరమ్మ రాసింది నంబరుకి, మనిషికి కాదు. తీసెయ్యమని నాకెవరూ చెప్పలేదు.

పది.

పిడికిలి బిగించండి అన్నయ్యగారూ. ఏడోది పెడుతున్నా.